తెలుపు మోజులో జారిపోయిన ఖనిజము

*పిక్క పట్టినా మెగ్నీషియమే, నిద్ర పట్టకున్నా మెగ్నీషియమే అను కాలము వచ్చినది. బిళ్ల కొనుటకు ముందు మన కంచము, మన నీటి టిన్ను, మన మందుల డబ్బా ఒకమారు పరిశీలించుకొనవలసి ఉన్నది.*

సంక్రాంతి వెళ్లిన పిమ్మట, తూరుపు ఇంకను తెల్లవారకమునుపే, అనకాపల్లి బెల్లం మార్కెట్టు మేల్కొనును. మునగపాక, కశింకోట, చోడవరము, మాడుగుల దిక్కులనుండి రాత్రంతయు ప్రయాణము చేసి వచ్చిన బెల్లపు దిమ్మలు వరుసలు తీరి నిలిచియుండగా, కొనుగోలుదారుడు వాని నడుమ నింపాదిగా నడచుచు, ఒకదాని అంచున గోటితో గీచి, రాలిన పొడిని నాలుకపై వేసికొని, అయినను నాలుక చెప్పినదానికంటె కన్ను చెప్పినదానినే నమ్మి ధర పలుకును. మేలిమి పసిమి కలిగి తెల్లగా తేలిన దిమ్మకు ఒక ధర. ఎర్రగా వచ్చినదానికి అంతకు తక్కువ. నల్లనిదానికి మరింత తక్కువ. అంతేకాదు, నల్లబెల్లము నాటుసారా బట్టీలకు పోవునేమో అను అనుమానముతో దానిపై ఎక్సైజువారి చూపు కూడ పడుచుండును. “రంగొస్తేనే రేటు బాబూ, రుసి ఎవులు సూత్తారు?” అని పెదవి విరుచు రైతు ఆ ప్రాంగణమున ఏ వరుసలోనైనను కనబడును.

అదే ఊరిలో ప్రొద్దెక్కిన తరువాత మందుల దుకాణము ముందర మరియొక బేరము జరుగుచుండును. “రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయి నాయనా, ఫోనులో ఎవరో డాక్టరు చెప్పాడు, మెగ్నీషియం బిళ్లలు ఉన్నాయా?” అని ఒక పింఛను పంతులుగారు అడుగును. “గ్లైసినేటా మాస్టారూ, ఆక్సైడా?” అని కుర్రవాడు ఎదురుప్రశ్న వేయును. “నిద్ర పట్టేది ఏదైతే అది ఇవ్వు” అని పంతులుగారు తేల్చివేయును.

ఈ రెండు బేరములకును సంబంధము లేనట్లే తోచును గాని, ఉన్నది. నూరేండ్లుగా మన ధాన్యమును, తీపిని, కడకు త్రాగునీటిని సైతము తెల్లగా, తేటగా చేసికొనవలెనను ఆరాటములో ఏ పదార్థమును తీసి పారవేయుచు వచ్చితిమో, దానినే నేడు బిళ్లగా అచ్చుపోయించి, సీసాలో పెట్టించి, తిరిగి కొనుక్కొనుచున్నాము.

ఒంటిలో పాతిక గ్రాములు

పెరిగిన మనిషి దేహమంతయు వెదకినను మెగ్నీషియము పాతిక గ్రాములకు మించదు. అందులో సగమునకు పైబడి ఎముకలలో నిలువయుండును. తక్కినది చాలమట్టుకు కండరములలోను, ఇతర మృదు కణజాలములలోను ఉండును. రక్తపు ద్రవమున సంచరించునది నూటికి ఒక పాలు కూడ కాదు. ఇంత స్వల్పమైన పదార్థము మూడువందలకు పైబడిన ఎంజైముల పనికి తోడ్పడుచున్నది. కండరము ముడుచుకొని మరల సడలుటకు, గుండె తాళము తప్పక కొట్టుకొనుటకు, నరములలో వార్త నడచుటకు, ఎముక గట్టిపడుటకు, ఇన్సులిను తన పని తాను చేయుటకు ఈ లోహము కావలెను.

ఈ కథలో తెలుగువారు గర్వింపదగిన ఘట్టమొకటి ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డునందు సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలసి పనిచేయుచు, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీ అను శక్తిపదార్థమును వెలికితీసెను. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ అదే సంవత్సరమున స్వతంత్రముగా ఏటీపీని కనుగొనెను. మనము ఒక అడుగు వేసినను, ఒక మాట తలచినను ఖర్చగునది ఈ ఏటీపీయే. అయితే అది ఒంటరిగా పనిచేయజాలదు. మెగ్నీషియముతో జతకూడిన పిమ్మటనే కణము దానిని వినియోగించుకొనగలదు. కనుక మెగ్నీషియము కొరవడినవాడు ముందుగా చెప్పు ఫిర్యాదు రోగము పేరుగా ఉండదు. “ఏమిటో, ఓపిక ఉండడం లేదండీ” అన్నంతటితో సరిపెట్టును.

ఆకు చెప్పును, మనిషి చెప్పడు

మెగ్నీషియపు లోపమును గుర్తించుటలో మన రైతు మన వైద్యునికంటె ముందున్నాడనుట అతిశయోక్తి గాదు. ఆకుపచ్చదనమునకు మూలమైన పత్రహరితపు అణువునకు నడుమ కూర్చున్నది మెగ్నీషియమే. వృక్షవర్ణకములను, ముఖ్యముగా పత్రహరితమును, శోధించినందులకే రిచర్డ్ విల్‌స్టాటర్ అను జర్మను శాస్త్రజ్ఞునకు 1915లో నోబెల్ బహుమానము లభించినది. మెగ్నీషియము కొరవడినచో మొక్క తన ముదురాకులనుండి దానిని లాగికొని లేతాకులకు పంపును. అంతట క్రింది ఆకులలో ఈనెలు పచ్చగానే నిలిచి, ఈనెల నడిమి భాగము పాలిపోవును. గుంటూరు సీమ ప్రత్తిరైతు చేనిలో ఆకులెర్రబడుట చూచినంతనే, లీటరు నీటికి పది గ్రాముల చొప్పున మెగ్నీషియము సల్ఫేటు కలిపి పిచికారి చేయును. అనకాపల్లిలో 1913లో వెలసిన చెరకు పరిశోధన కేంద్రమువంటి సంస్థలు తరములుగా రైతులకు నేర్పుచు వచ్చిన పాఠములలో ఆకును చదువుట యొకటి.

మనిషి ఒంటిలో అట్టి ఆకు లేదు. తొలిదశలో ఆకలి మందగించుట, వికారము, నీరసము, నిద్రలేమి మాత్రమే కనిపించును. ఇవి ఏ జబ్బునకైనను ఉండునవే. లోపము ముదిరిన కొలది వ్రేళ్ల కొసలు తిమ్మిరెక్కుట, కనురెప్పలు అదరుట, కండరములు కొంకరలు పోవుట, చేతులు వణకుట మొదలగును. మరింత ముదిరినచో గుండె లయ తప్పును, మూర్ఛలు వచ్చును.

తీవ్రమైన లోపమును వైద్యుడు పట్టుకొను విధానమొకటి చూడదగినది. రక్తపుపోటు చూచు పట్టీని భుజమునకు చుట్టి, పోటును మించునట్లు గాలి నింపి, మూడు నిమిషములు అట్లే ఉంచును. రోగి మాటలాడుచునే ఉండును. ఇంతలో అతని మణికట్టు తనంతట తాను లోనికి వంగును, బొటనవ్రేలు అరచేతిలోనికి ఒదుగును, తక్కిన వ్రేళ్లు నిటారై ఒకదానికొకటి అంటుకొనును. తెరువబోయినను తెరచుకొనవు. ఈ లక్షణము ప్రధానముగా కాల్షియపు లోపమునకు చెందినదే గాని, దాని వెనుక మెగ్నీషియపు లోపము దాగియుండుట కద్దు. మెగ్నీషియము బొత్తిగా తగ్గినచో కాల్షియమును అదుపుచేయు పారాథైరాయిడ్ గ్రంథి మందగించును. మూత్రపిండములు పొటాషియమును నిలుపుకొనలేవు. అప్పుడు కాల్షియము ఎక్కించినను, పొటాషియము ఎక్కించినను నిలువదు. మూలమున ఉన్న మెగ్నీషియము పూరించిన తరువాతనే ఆ రెండును చక్కబడును.

మరి రక్తపరీక్షలో తెలియదా? తీవ్రమైనది తెలియును, కొద్దిపాటిది తెలియకపోవచ్చును. రక్తములో తగ్గినప్పుడెల్ల ఎముకలనుండి కొంత వచ్చి ఆ కొరతను కప్పిపుచ్చుచుండును. చేటలోని గింజలను చూచి గాదెలోని ధాన్యమును లెక్కకట్టుట యెట్టిదో, రక్తపు చుక్కను చూచి దేహమంతటి మెగ్నీషియమును లెక్కకట్టుట అట్టిది.

> అంకెలలో
> • పెద్దల దేహమున మొత్తము: సుమారు 25 గ్రాములు
> • రక్తద్రవమున ఉండునది: నూటికి ఒక పాలు కంటె తక్కువ
> • పెద్దలకు దినమునకు కావలసినది: స్త్రీ పురుష భేదమును బట్టి సుమారు 300 నుండి 400 మిల్లీగ్రాముల పైచిలుకు
> • తిన్నదానిలో ఒంటబట్టునది: ఇంచుమించు మూడవ వంతు
> • లోహమును మొదట వేరుచేసినవాడు: హంఫ్రీ డేవీ, 1808
> • మన పెద్దలు ఎరిగిన రూపము: భేది ఉప్పు, అనగా మెగ్నీషియము సల్ఫేటు

తవుడుతో పోయిన సొమ్ము

ఈ లోపమునకు మన నేలమీద ఒక పూర్వకథ గలదు. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెకారిసన్ అను బ్రిటిష్ వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో విలసిల్లుచున్నది. ఆనాడు మద్రాసు రాజధానిలో బెరిబెరి వేళ్లూనికొన్న ప్రాంతమేది యనగా, వేరెక్కడనో కాదు, మన ఉత్తర సర్కారుల కోస్తాయే. దక్షిణాదిని అనేకులు ఉప్పుడు బియ్యము తినుచుండగా, ఇక్కడివారు మరలో ఆడించిన పచ్చిబియ్యమును తినుట దీనికి ముఖ్యకారణమని పరిశోధకులు తేల్చిరి. రోకటిపోటు పోయి మర వచ్చినది. మరతో తెలుపు వచ్చినది. తెలుపుతో కాళ్లలో సత్తువ పోయినది, గుండె ఉబ్బినది, చంటిబిడ్డలు రాలిపోయిరి.

బెరిబెరి థయామిన్ అను విటమిను లోపమువలన వచ్చునది. మెగ్నీషియము వలన కాదు. కాని బియ్యపుగింజ పైపొరలో ఈ రెండును ప్రక్కప్రక్కనే ఉండును, తవుడుతో రెండును వెడలిపోవును. పైగా ఒంటిలో థయామినుతో నడచు ఎంజైములకు మెగ్నీషియము తోడు కావలెను. థయామిను పోయిన సంగతి బెరిబెరి రూపమున బయటపడినది గనుక లోకము మేల్కొనినది. మెగ్నీషియము పోయిన సంగతి అంత బాహాటముగా బయటపడలేదు గనుక ఎవరును పట్టించుకొనలేదు.

లెక్క చూడుడు. పొట్టు మాత్రము తీసి తవుడు ఉంచిన బియ్యమున నూరు గ్రాములకు తొంబది మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ మెగ్నీషియమున్నచో, తెల్లగా పాలిషుపట్టిన బియ్యమున ఇరువది, ఇరువదియైదు మాత్రమే మిగులును. దినమునకు మూడువందల గ్రాముల బియ్యము వండుకొను మనిషికి ఈ ఒక్క మార్పుతోనే రెండువందల మిల్లీగ్రాములు, అనగా దినావసరములో ఇంచుమించు సగము, చేజారిపోవుచున్నది. ఆపై ఎసరెక్కువ పోసి గంజి వార్చువారింట మరికొంత గంజితో పోవును. తవుడు మాత్రము వ్యర్థము కాదు. నూనె మిల్లునకును, పశువుల కుడితికిని చేరును. తెల్లని అన్నము మనకు, ఖనిజము గొడ్డునకు!

ఉత్తరాంధ్ర పల్లెలలో రెండు తరముల క్రిందట ఉదయము చోడి అంబలి త్రాగి పొలము పోవుట సర్వసాధారణము. చోళ్లనగా రాగులే. గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలు ఇండ్లలో మెసలుచుండెడివి. నియంత్రణ ధరల బియ్యము ఆకలిని తీర్చినది, అందులకు కృతజ్ఞులమే. కాని అంబలిని పేదవాని కూడుగా, తెల్లన్నమును కలవాని భోజనముగా లెక్కించిన మన మనస్సే చోళ్లను ముంగిలి దాటించినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన తరువాత అవే చోళ్లు పట్టణపు అంగళ్లలో రంగుల సంచులలో ప్రత్యక్షమై, బియ్యమును మించిన ధరకు అమ్ముడగుచున్నవి.

> నూరు గ్రాములలో ఎంత? (మిల్లీగ్రాములలో, సుమారుగా)
> • గుమ్మడి గింజలు: 550
> • నువ్వులు: 350
> • జీడిపప్పు: 290
> • పెసలు: 190
> • వేరుశనగ గింజలు: 170
> • రాగులు (చోళ్లు): 140
> • జొన్నలు: 130
> • తవుడు తీయని బియ్యము: 90 పైబడి
> • పాలిషు బియ్యము: 20 నుండి 25
> • పంచదార: లేనట్లే
> *వంగడమును, నేలను బట్టి ఈ అంకెలు మారుచుండును.*

బెల్లముపై గల భ్రమ

ఇచ్చట అనకాపల్లి పాఠకులు ఒక ప్రశ్న వేయుదురు: “మరి మా బెల్లమున్నది గదా?” ఉన్నది. చెరకురసమును వెడల్పయిన పెనములో మరగించి, సున్నపునీరు చిలికి, తేలిన మడ్డిని తీసివేసి, పాకము ముదిరిన పిమ్మట దిమ్మగా పోయుదురేగాని, పంచదారవలె స్ఫటికములను మాత్రము ఏరుకొని తక్కినదానిని మొలాసిస్‌గా విడదీయరు. అందువలన చెరకులోని ఖనిజములు చాలమట్టుకు బెల్లమున నిలుచును. పంచదారలో మెగ్నీషియము దాదాపు శూన్యము; బెల్లమున నూరు గ్రాములకు నూటికి అటునిటుగా మిల్లీగ్రాములుండును.

అయినను నిజము చెప్పుకొనవలెను. మనము కాఫీలో వేసికొను బెల్లము పది గ్రాములు. దానివలన వచ్చు మెగ్నీషియము పది మిల్లీగ్రాములు. దినావసరమంతయు బెల్లముతోనే పూరింపబూనినచో దినమునకు మూడు నాలుగువందల గ్రాములు తినవలెను. మెగ్నీషియము సంగతి దేవుడెరుగు, మధుమేహము తప్పక వచ్చును. పంచదారకు మారుగా బెల్లము వాడుట మేలే. బెల్లమును మందుగా భావించుట పొరపాటు. అదే బెల్లము నువ్వులతో కలసి నువ్వులుండయై, వేరుశనగతో కలసి పప్పుచెక్కయై నోటికి వచ్చినప్పుడు లెక్క వేరు. అక్కడ ఖనిజమునిచ్చునవి నువ్వులు, వేరుశనగలు. రుచినిచ్చి తినిపించునది బెల్లము.

రంగునుగూర్చి కూడ ఒక మాట. బెల్లము తెల్లబారుటకై పాకములో ‘హైడ్రోస్’ చల్లు అలవాటు ఈ వ్యాపారమందు అందరెరిగినదే. దానివలన మెగ్నీషియము ఎగిరిపోదు. గంధకపు శేషము వచ్చి చేరును. అట్లే నల్లనిదెల్ల గుణవంతము కాదు. పాకము మాడినను బెల్లము నల్లబడును. కావున కొనువాడు అడుగవలసినది రంగు కాదు, ఏ మందు చల్లకుండ వండినారా అను ప్రశ్న. కొనువారు ఆ ప్రశ్న వేయనంత కాలము రైతును నిందించి ప్రయోజనము లేదు.

పేరు ‘మినరల్’, నీరు నిర్మినరల్

కాఠిన్యముగల బావినీటిలో కాల్షియముతో పాటు మెగ్నీషియము కూడ కరగియుండును. పప్పు ఉడకదని, గిన్నెలకు తెల్లచార కట్టునని ఇల్లాండ్రు ఆ నీటిని తిట్టుకొన్నను, అది దినదినము కొంత ఖనిజమును ఒంటికి చేర్చుచుండెడిది. నేడు వీథివీథిని వెలసిన ప్లాంటులలో ఆర్‌వో పొరగుండా వడగట్టిన నీరు ఇరువది లీటర్ల టిన్నులలో ఇంటికి వచ్చుచున్నది. ఆ పొర మురికితోపాటు లవణములను కూడ చాలవరకు ఆపివేయును. అయినను జనవ్యవహారమున దానికి ‘మినరల్ వాటర్’ అని పేరు! త్రాగునీటిలో కాల్షియము, మెగ్నీషియముల ఆవశ్యకతనుగూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఒక గ్రంథమునే ప్రకటించినది. కలుషితమైన నీటిని, ఫ్లోరైడు నీటిని త్రాగుమని ఎవరును చెప్పరు; కాని మంచినీటిని కూడ అలవాటుగా వడగట్టి త్రాగు ఇంట, ఆ లోటు కంచములో తీరుచున్నదో లేదో చూచుకొనుట మంచిది.

గ్యాసు బిళ్ల చేయు పని

ఆహారపు లోటు మెల్లగా పనిచేయును. మందులవలన, జబ్బులవలన కలుగు లోటు త్వరగా పనిచేయును. మన ఇండ్లలో పరగడుపున కాఫీకంటె ముందుగా గొంతు దిగు గ్యాసు బిళ్లనే తీసికొనుడు. ఒమిప్రజోల్, పాంటోప్రజోల్ తరగతికి చెందిన ఈ మందులు అవసరమున్నవారికి అమృతతుల్యములే. కాని ఏడాదికి మించి విడువక వాడినచో కొందరిలో రక్తపు మెగ్నీషియము ప్రమాదకరముగా పడిపోవునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 మార్చిలో హెచ్చరించినది. వారు పరిశీలించిన కేసులలో ఇంచుమించు నాలుగవ వంతు మందికి మెగ్నీషియము ఇచ్చినను ఫలము లేక, ఆ గ్యాసు మందునే ఆపివేయవలసి వచ్చినది. చీటి లేకుండ కొని, యేండ్ల తరబడి మ్రింగు మన అలవాటును తలచుకొన్నప్పుడు ఈ హెచ్చరిక మనకొరకే వ్రాసినట్లు తోచును.

> ఎవరికి ఎక్కువ ముప్పు?
> • గ్యాసు బిళ్లలను ఏడాదికి పైగా వాడువారు
> • రక్తపుపోటుకు, గుండెజబ్బుకు నీరు పోవు మాత్రలు వేసికొనువారు
> • అదుపు తప్పిన మధుమేహము గలవారు. మూత్రమున చక్కెరతోపాటు మెగ్నీషియము కూడ పోవును
> • దీర్ఘకాలపు విరేచనములు, ప్రేగు వ్యాధులు గలవారు
> • నిత్యము మద్యము సేవించువారు
> • తక్కువ తిని, ఎక్కువ మందులు మ్రింగు వృద్ధులు

కాన్పు గదిలో కాపాడు ఉప్పు

మెగ్నీషియము ఎంతటి బలమైన పదార్థమో కాన్పు గదిలో చూడవలెను. నిండుచూలాలికి రక్తపుపోటు పెరిగి మూర్ఛలు వచ్చు స్థితిని మన పల్లెలలో గుర్రపువాతమందురు. తల్లిని, బిడ్డను ఒక్కమారుగా బలిగొను ఈ ఆపదకు విరుగుడు ఖరీదైన మందేమియు కాదు. భేది ఉప్పులోని మెగ్నీషియము సల్ఫేటే, సూదిమందు రూపమున. ముప్పదిమూడు దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ పరిశోధన, ఇది మూర్ఛల ముప్పును సగమునకంటె తక్కువకు దించునని నిర్ధారించినది.

అయితే ఆ సూది ఇచ్చు నర్సును గమనింపుడు. ప్రతి మోతాదునకు ముందు ఆమె తల్లి మోకాలిచిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టి కాలు ఎగురుచున్నదా లేదా చూచును. నిమిషమునకు ఊపిరులెన్నియో లెక్కించును. మూత్రమెంత వచ్చినదో చూచి వ్రాసికొనును. కాలు కదలనిచో మందు ఆపును. ఏలయన మోతాదు మించినచో అదే ఉప్పు ఊపిరిని ఆపగలదు. ఇది లోపమును పూరించుటకు ఇచ్చునది కాదు, మందుగా ఇచ్చునది. ఎక్కువైతే తప్పేమి అనుకొని అరచేత బిళ్లలు పోసికొనువారు ఆ సుత్తిని జ్ఞాపకముంచుకొనవలెను.

బిళ్ల చేయగలదెంత?

నిజముగా లోపమున్నవారికి మెగ్నీషియము ఇచ్చినచో ఫలితము ప్రత్యక్షము. లోపము లేనివారికి ఇచ్చినచో? పింఛను పంతులుగారి పిక్కల సంగతికే వత్తము. పెద్దవయస్సువారి రాత్రి పిక్కల నొప్పులకు మెగ్నీషియము చెప్పుకోదగిన మేలు చేయునట్లు కానరాదని, పరిశోధనలన్నిటిని జల్లించిన కాక్రేన్ సమీక్ష తేల్చినది. ఎండలో చెరకు నరికినవానికి, బెల్లపు పొయ్యి ముందర గంటలకొలది నిలిచినవానికి పట్టు కొంకరలకు నీరు, ఉప్పు పోవుటయే తరచు కారణము. వానికి కావలసినది మజ్జిగ, ఉప్పు, నీడ. రక్తపుపోటును కొద్దిపాటిగా తగ్గించుట, కొందరి పార్శ్వపు తలనొప్పిని అరికట్టుట యందు మెగ్నీషియమునకు కొంత ఆధారమున్నది. మెగ్నీషియము తక్కువ తిను జనులలో మధుమేహము ఎక్కువగా కనిపించుచున్నది. కాని ఆ తక్కువయే ఈ ఎక్కువకు కారణమని నిశ్చయింపబడలేదు.

మూత్రపిండములు బాగున్నవారు ఎక్కువైన మెగ్నీషియమును మూత్రమున విసర్జింపగలరు. అయినను బిళ్లల మోతాదు దినమునకు 350 మిల్లీగ్రాములు దాటకుండుట మేలని అమెరికా నిపుణుల మాట, దాటినచో ముందుగా విరేచనములు పట్టును. మూత్రపిండములు చెడినవారికి ఆ వెసులుబాటు లేదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమువంటి చోట, వ్యాధి ఉన్నదని తెలియకయే తిరుగువారు ఎందరో గల ప్రాంతమున, క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనక ఈ బిళ్లలు వాడుట సాహసము. థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటిబయాటిక్కులు వాడువారు వానికిని, మెగ్నీషియమునకును నడుమ కొన్ని గంటల ఎడమ ఉంచనిచో ఆ మందులు ఒంటబట్టవు.

కాబట్టి చేయవలసినది పెద్ద వ్రతమేమియు కాదు. వారమున కొన్ని పూటలైనను తెల్లన్నమునకు మారుగా తక్కువ పాలిషు బియ్యమో, చోడి సంకటియో, జొన్నరొట్టెయో కంచములోనికి రానిండు. పెసలు పొట్టుతో వండుడు. తోటకూర, మునగాకు వారములో ఒకటి రెండు మారులు కాక అంతకుమించి తినుడు. సాయంకాలము పిల్లల చేతికి బిస్కత్తుల పొట్లమునకు బదులు నువ్వులుండ ఇండు. ఏడాదిగా గ్యాసు బిళ్ల వాడుచున్నవారు, తమంతట తాము మానక, “ఇది ఇంకా అవసరమేనా డాక్టరుగారూ?” అని ఒక్కమారు అడుగుడు. నీరసము, వణుకు, గుండెదడ విడువకున్నచో ఫోనులోని వైద్యుని విడిచి ఊరిలోని వైద్యుని చూడుడు. అంగడిలో బియ్యమునైనను, బెల్లమునైనను రంగు చూచి ధర కట్టు అలవాటు మానినది మొదలు, ఆ ఖనిజము బిళ్లతో పని లేకుండగనే మన కంచమునకు తిరిగి వచ్చును.